హిందూపురంలో కుట్టిన పడవ పట్ట

మొన్న ఫోన్లో చిన్నది అడిగింది కదా, "అవ్వా, నువ్వు ఎప్పుడన్నా సముద్రం చూసినావా?" అని. నేను నోరు తెరిచే లోపలే లైను కట్టయిపోయింది. చూడలేదు నాయనా. మీరు రోజూ చూస్తాండారు, నాకు ఆ భాగ్యం ఇంగా రాలేదు. కానీ సముద్రంలో తిరిగే పడవకు ఈ చేతులతో గుడ్డ కుట్టినా. నగొద్దండి. మీ అమ్మకు కూడా ఈ సంగతి సగమే తెలుసు. అప్పటికి ఆమె కొత్తగా విశాఖపట్నం కాపురానికి పోయిండింది, మీరు ఇంగా పుట్టలేదు. తీరిగ్గా చెప్తా, వినండి.

హిందూపురంలో మాది పరుపులు కుట్టే ఇల్లు అని మీకు తెలుసు. మీ తాత, వాళ్ళ నాయన దూది ఏకి పరుపులు, బొంతలు చేసేవాళ్ళు. నేను పెనుకొండ నుంచి కోడలిగా వచ్చినా. ఆడ మా నాయన జీపులకు టాపులు, లారీలకు పట్టలు కుట్టేవాడు. పట్ట అంటే మందం క్యాన్వాసు గుడ్డ, సరుకు మింద కప్పేది. మా నాయనకు మగపిల్లోళ్ళు లేరు. "నీకు చెయ్యి నిలకడగా ఉండాది పాపా" అని నాకే నేర్పించినాడు. ఆయన కండ్లు మసకబారినాక, తన పెద్ద కుట్టు మిషన్ను సెనక్కాయల లారీలో ఎక్కించి నా దగ్గరికి పంపించేసినాడు. మామూలు టైలరు మిషన్ అనుకునేరు! నలుగురు పట్టాల్సిన ఇనుము అది. సూది అయితే చీపురుపుల్లంత ఉంటాది. నాలుగు మడతల పట్టలో కూడా వెన్నలో దిగినట్ల దిగుతాది. మా నాయన చక్రం పట్టి తిప్పే చోట ఇనుము అరిగి, నదిలో రాయి మాదిరి నున్నగా అయిపోయిండింది.

మీ తాత కొలత తీసి కోసేది, నేను కుట్టేది. మడకశిర, అగళి, రొద్దం, ఎక్కడెక్కడి లారీలోళ్ళో వచ్చేవాళ్ళు. చింతపండు కాలం వస్తే మాకు అన్నం తినేదానికి పురుసొత్తు ఉండేది కాదు.

తర్వాత ఆ నీలం రంగు ప్లాస్టిక్ పట్టలు వచ్చినాయి చూడండి, కుట్టే పనే లేదు, కొని కప్పేయడమే. పరుపులకు కూడా ఫోము వచ్చేసింది. మిషన్ మూలకు పోయింది. దాని మింద దిండ్లు పేర్చేదానికి మొదలుపెట్టినాం. నాకైతే దాని మింద ఏమన్నా పెట్టాలంటే మనసు ఒప్పేది కాదు.

ధర్మవరంలో మీ తాత అక్క మొగుడు ఉండేవాడు, ఆటోలకు సీట్లు, టాపులు కుట్టే ఆయప్ప. నేను అన్నా అని పిలుస్తాంటి. ఆయప్పకు మా మిషన్ మింద ఎప్పటినుంచో కన్ను. వచ్చినప్పుడల్లా దాన్ని తట్టి, "చెల్లా, ఇది ఈడ నిద్రపోతాంది. నాతో పంపు, నేను లేపుతా" అనేవాడు. నేను టీ తెచ్చే వంకతో లోపలికి పోయేదాన్ని. ఆ ఏడు మీ తాత ఇంగ మాట ఇచ్చేసినాడు. జూన్లో స్కూళ్ళు తెరిచే లోపల ఆటోలోళ్ళంతా సీట్లు కుట్టించుకుంటారు కదా, అప్పటికి మిషన్ తీసుకుపొమ్మని. నాకు చెప్పినప్పుడు ఆయన నా ముఖం చూడలేదు, కత్తెర చూస్తా చెప్పినాడు. తప్పు ఆయనది కాదు. పని లేని మిషన్ను పెట్టుకుని ఏం చేస్తాం? 

ఉగాది ముందర ఒక పొద్దున మా అంగడి ముందర బెంగుళూరు కారు నిలిచింది. నిక్కరేసుకున్న ముసలాయన దిగినాడు. తల నెరిసింది, ముఖం మాత్రం ఎండకు బాగా కమిలిపోయి, మన సేద్యగాళ్ళ మాదిరే ఉండాడు. ఆయన బావమర్దికి ఈడ పట్టుగూళ్ళ మార్కెట్లో వ్యాపారం. ఆ బావమర్ది లారీకి మేము ఎప్పుడో కుట్టిన పట్ట ఇంగా కుట్టు వదల్లేదంట. దాన్ని చూసి, ఎవరు కుట్టినారని అడిగి వెతుక్కుంటా వచ్చినాడు. ఆయన కన్నడంలో మాట్లాడేవాడు, మాకు అది కష్టం కాదు, మీకు తెలుగులో చెప్తాండా.

కారులోనుంచి ఒక గొట్టం తీసి, దాంట్లోనుంచి నల్లటి చాప ఒకటి విప్పినాడు. చుడితే చుట్టుకుంటాది, విప్పితే విప్పుకుంటాది.

మీ తాత అడిగినాడు, "ఏం చాప సార్ ఇది?"

"సోలార్. ఎండ పడితే కరెంటు."

మేము అప్పటికి గాజు పలక మాదిరి గట్టి సోలార్ ప్లేట్లే చూసిండేది. ఇట్ల వంగేది ఎప్పుడూ చూడలేదు. మీ తాత వేలితో తడిమి, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

ఆయనకు మంగళూరు పక్క సముద్రంలో ఒక తెరచాప పడవ ఉండాదంట. మొగుడూ పెండ్లాము రిటైరయినాక వారాలకు వారాలు దాంట్లోనే ఉంటారంట. పడవ నిలిపి తెరచాప దించేసినాక, పడవ పొడుగునా తల మింద ఒక దూలం ఉంటాదంట. దాని మింద ఒక పట్ట వేసి రెండు పక్కలా కట్టేస్తే కింద నీడ. మన ఎద్దులబండికి గూడు కట్టినట్లే అని అర్థమయింది మాకు. ఆ పట్ట మింద ఈ సోలార్ చాపలు రెండు బిగించి ఇయ్యల్ల. పగలంతా బ్యాటరీ ఎక్కితే, పొద్దు మునిగినాక లైటు.

నేను అడిగినా, "పడవకు ఇంజను ఉంటాదంటారు కదా సార్, దాంతో లైటు రాదా?"

"వస్తాదమ్మా. కానీ ఇంజను వాసన మా ఆవిడకు పడదు. లైటు కోసం ఇంజను తిప్పితే ఆమె బ్యాగు సర్దుకుని దిగిపోతాది."

మీ తాత, "మేము పడవనే చూడలేదు సార్" అన్నాడు.

"నేను పరుపు కుట్టేది చూడలేదు. సరికి సరి" అన్నాడు ఆయన.

మీ తాత తల గీరుకుంటా ఉంటే, నేను గడపలోనుంచే "కుడతాం సార్" అనేసినా. ఆయన నా దిక్కు చూసినాడు, మీ తాత కూడా చూసినాడు. ఆయన ఎల్లిపోయినాక మీ తాత దిండ్లు తీసి మిషన్ మింద దుమ్ము దులుపుతా అన్నాడు:

"నీ మనసులో ఏముండాదో నాకు తెలుసు. ఈ పని కుదిరితే, ఆయన స్నేహితులు ఇంగా ఇద్దరికి కావల్లంట. ఏటా పని ఉంటాది. కుదిరితే మిషన్ ఈడే. కుదరకపోతే బావ తీసుకుపోతాడు. అప్పుడు ముఖం ముడుచుకోకూడదు."

"ముడుచుకోను" అంటి.

దూలం కావల్ల కదా కొలతకు? వీధిలోనే రెండు పక్కల గుంజలు నాటి, వాటి మింద వెదురుబొంగు అడ్డంగా కట్టి, పట్టను దాని మింద వేసినాం. పోయే వాళ్ళు వచ్చే వాళ్ళు నిలబడి చూసేది.

"ఏం సాయిబూ, పెండ్లి పందిరా?"

"పడవకప్పా."

"పడవకా! తాగేదానికి బిందె నీళ్ళు లేవు, ఈయప్ప పడవ తోలుతాడంట."

"నువ్వు నీళ్ళు తే, నేను పడవ తెస్తా" అనేవాడు మీ తాత, కొలబద్ద నోట్లో పెట్టుకునే.

పని మాత్రం అంత తేలిక కాదు. ఆ సోలార్ చాపకు చుట్టూ బొటనవేలు వెడల్పు తెల్లటి అంచు ఉండాది. ఆ అంచులోనే కుట్టు పడల్ల. సూది నల్లదాంట్లోకి ఒక్కసారి పోయిందంటే చాప పనికిరాదని పడవాయన మరీ మరీ చెప్పిపోయినాడు. దారం, జిప్పులు ఆయనే తెచ్చి ఇచ్చినాడు. నూలు దారమయితే ఉప్పుగాలికి కుళ్ళిపోతాదంట, ఇనుప జిప్పు తుప్పు పడతాదంట. చాప అంచుకు జిప్పు ఒక సగం, పట్టకు ఇంకో సగం కుట్టల్ల. పెద్ద గాలి వచ్చేలా ఉంటే జిప్పు లాగి చాప తీసేసుకోవచ్చు.

నేను తొక్కుడు మాని, చక్రం చేత్తో తిప్పినా. ఒక కుట్టు, చూసుకునేది. ఇంకొక కుట్టు, చూసుకునేది. అవతల మీ తాత చాప కొస ఎత్తి పట్టుకుని ఊపిరి బిగబట్టుకునేవాడు. నడమధ్యలో ఆయనకు తుమ్ము వచ్చింది పాపం. ముఖమంతా ఎర్రగా చేసుకుని ఆపుకున్నాడు. చక్రం నిలిపి, "తుమ్మేయండి" అంటి. చాప కింద పెట్టి, బయటికి పోయి, వీధి అదిరిపోయేట్ల తుమ్మి వచ్చినాడు. మా అత్త లోపలినుంచి "శకునం చెడింది" అనింది. నాకు మాత్రం నవ్వాగలేదు. ఆ పొద్దు కుట్టు ఒక్కటి కూడా నల్లదాంట్లోకి పోలేదు.

ఇంగ ఆడ మీ తాత ఒక పని చేసినాడు. పరుపులు కుట్టేవాళ్ళకే వచ్చే ఆలోచన అది. పడవాయన "ఇది సున్నితం, గట్టిగా తగలకూడదు, జాగ్రత్త" అని చెప్పిండాడు కదా. సున్నితమయిందాన్ని చూస్తే మా ఇంట్లో ఎవరి చెయ్యి అయినా దూది దిక్కే పోతాది. చాప పడుకునే చోట పట్టకు రెండు పొరలు వేసి, మధ్యలో సన్నగా ఏకిన దూది పరిచి, దబ్బనంతో అక్కడక్కడ టాకా వేసినాడు. చంటిబిడ్డకు బొంత వేసినట్ల. నాకు కూడా శానా ముద్దొచ్చింది. చెయ్యి పెడితే మెత్తగా దిగుతాంది. అందరూ వచ్చి చెయ్యి పెట్టి చూసినారు.

పడవాయన వచ్చిన రోజున గుంజల మింద పట్ట ఎక్కించి, చాపలు జిప్పులేసి చూపించినాం. ఆయన మీటరు ఒకటి తగిలించి, పొద్దున చూసి, "భలే!" అన్నాడు. అదే పొద్దుకు ధర్మవరం అన్న కూడా దిగినాడు. మిషన్ ఎక్కించే దానికి వాకిలి వెడల్పు సరిపోతాదా లేదా చూసుకుని పోదామని వచ్చిండాడు. జానతో వాకిలి కొలిచేదానికి మొదలుపెట్టినాడు.

ఎండ ఎక్కే కొద్దీ పడవాయన ముఖం మారతా వచ్చింది. మీటరు తట్టి చూసినాడు, వైరు పీకి పెట్టి చూసినాడు. నడినెత్తికి ఎండ వచ్చేటప్పటికి కరెంటు పెరగల్ల, తగ్గుతాంది.

మా అత్త పక్కనే మిరక్కాయలు ఎండబోసుకుంటాంది. ఆమెకు కండ్లు ఆనవు. చేత్తో తడుముకుంటా వచ్చి, చాప మింద అరచెయ్యి పెట్టి, చటుక్కున తీసేసింది.

"దీనికి జరం వచ్చింది. ఒళ్ళు కాలిపోతాంది" అనింది.

పడవాయన కూడా చెయ్యి పెట్టి చూసి, కింద తడిమి, ఆ మెత్తదనం చూసి అడిగినాడు, "లోపల ఏముండాది?"

"దూది సార్" అన్నాడు మీ తాత, ఇంగా సంతోషంగానే.

పడవాయన అరుగు మింద కూచుండిపోయినాడు. కోపం చేసుకోలేదు. "నేను సగమే చెప్పినా. దీనికి ఎండ కావల్ల, వేడి మాత్రం పనికిరాదు. వేడెక్కితే కరెంటు తగ్గుతాది. కింద గాలి ఆడల్ల. మీరు మండుటెండలో దానికి బొంత కప్పినారు" అని నవ్వినాడు.

ధర్మవరం అన్న ఊరుకుంటాడా? "ఏం చెల్లా, గట్టు మిందనే మునిగిందా పడవ?"

 నేను ఆ మిషన్ దిక్కు చూడకుండా లోపలికి పోయి సంగటి ముద్దలు చేసి, సెనక్కాయల ఊరుబిండి నూరి పెట్టినా. వచ్చినోళ్ళను తిననీకుండా పంపిస్తామా? పడవాయన ఊరుబిండి రెండుసార్లు వడ్డించుకుని, కండ్లల్లో నీళ్ళు తుడుచుకుంటా తిన్నాడు.

మీ తాత మాత్రం తినకుండా ఎదురుగా గోడకు నిలబెట్టిన పరుపునే చూస్తాండాడు. పరుపు చుట్టూ అంచు ఉంటాది కదా, లోపల దూది బిగించి కుట్టి, తాడు మాదిరి ఉబ్బెత్తుగా తెచ్చేది. ఆ అంచు వేసేదాంట్లో హిందూపురంలో మీ తాతను మించినోళ్ళు లేరు. ఆయన కండ్లు ఎక్కడ ఉండాయో నేను చూసినా.

"ఆ అంచులు వరసగా వేస్తే?" అంటి మెల్లగా.

"పండుకుంటే వీపుకు ఒత్తుకుంటాయే" అన్నాడు.

"పండుకునేది మనిషా?"

అంతే, సంగటి తట్ట కూడా పక్కకు తోసేసి లేచినాడు. పట్ట మింద సుద్దముక్కతో గీతలు గీసినాడు. ప్రతి గీత కింద తాడు పెట్టి పట్టను మడిచి కుడితే గట్టు మాదిరి లేస్తాది. చాప ఆ గట్ల మింద పడుకుంటే, గట్టుకూ గట్టుకూ మధ్య గాలి పోతాది. పడవాయన గీతలు చూసి, "దూరం దూరం వద్దు, చాప మధ్యలో కుంగుతాది, మడత పడితే విరిగిపోతాది. దగ్గర దగ్గరగా వెయ్యండి" అన్నాడు. దూది తాడు నీళ్ళు తాగుతాదని ఆయనే చెప్తే, మీ తాత బజారుకు పోయి నీళ్ళు చేదుకునే నైలాను తాడు తెచ్చినాడు.

మరుసటి రోజు టాకాలు విప్పి, దూదంతా పీకి, గట్లు కుట్టినా. ముందు రాత్రి పడవాయన బావమర్ది ఇంటికి పోయినా, ధర్మవరం అన్న మా ఇంట్లోనే ఉండిపోయిండాడు. నా పక్కన కూచుని పట్ట బరువు ఎత్తి పట్టుకుంటా, "నా మిషన్ను జాగ్రత్తగా వాడు చెల్లా" అనేవాడు. "ఇంగా నీది కాలేదన్నా" అనేదాన్ని. ఆ మాట నోట్లోనుంచి వచ్చినప్పుడు నాకే ఆశ్చర్యం. మా ఇంట్లో నేను అంత గట్టిగా మాట్లాడిండేది తక్కువ.

మధ్యాన్నం మళ్ళీ మా అత్తనే పిలిచినాం. చాప మింద చెయ్యి పెట్టింది, కింద గట్ల సందులో వేళ్ళు దూర్చింది. "జరం దిగింది. గాలి ఆడతాంది" అనింది. మీటరు కూడా అదే మాట చెప్పింది. కొంచెం తగ్గింది గానీ, ముందు మాదిరి పడిపోలేదు. పడవాయన పట్టను చుట్టి, పెండ్లికూతుర్ని ఎక్కించినట్ల కారులో ఎక్కించుకున్నాడు. పోతా పోతా, "వానలకు ముందర ఒక గాలి వస్తాదమ్మా. దానికి నిలిస్తే ఇంగ దిగుల్లేదు. అది ఆ గాలే చెప్పల్ల" అన్నాడు.

ఏప్రిల్ పోయింది. మే నెల కూడా కడాకు వచ్చింది. ఏ కబురూ లేదు.  మిషన్కు మాత్రం రోజూ నూనె వేసేదాన్ని. ఇంకొకరింటికి పోయినా, తుప్పుతో పోకూడదు కదా.

చెప్పిన మాట ప్రకారం ధర్మవరం అన్న సామాన్ల ఆటో తెచ్చినాడు, మోసేదానికి నలుగురు కూలోళ్ళను కూడా పిలుచుకొచ్చినాడు. మీ తాత వాళ్ళను కూచోమని చెప్పి, నా దిక్కు చూసి, "ఒప్పుకున్న మాట కదా" అన్నాడు. 

"టీ తాగనీండి. నేను ఒక ఫోను చేసి వస్తా" అని, కొంగు కప్పుకుని బయటపడినా. వీధి కొసన ఎస్టీడీ బూతు. పడవాయన ఇచ్చిండే సెల్ నంబరు చీటీ ఇచ్చి కలపమంటి. నేను ఒక్కదాన్నే పోయి ఫోను చేసిండేది అదే మొదలు. అవతల ఆడమనిషి ఎత్తింది. వాళ్ళావిడ. నేను ఎవరో చెప్పే లోపలే, వెనక ఏదో టపటపా కొట్టుకునే శబ్దం వినిపించింది.

"హిందూపురమా? మీరేనా అమ్మా! మీ పట్ట కిందనే కూచున్నా" అనింది.

 ఆమెనే చెప్పుకుంటా పోయింది. పోయిన వారం పెద్ద గాలి వచ్చిందంట, పక్క పడవ పట్ట చినిగి నీళ్ళల్లో పడిపోయిందంట. మాది మాత్రం నిలిచిందంట. ఒక మూల తాడు కట్టే రింగు ఊడింది, ఉప్పుకు ఒక జిప్పు పట్టేసింది, దానికి కొవ్వొత్తి రుద్దుకుంటాండారంట. లైటు వెలుగుతాంది, ఇంజను వాసన లేదు. "మా ఆయన మీకు జాబు రాస్తా రాస్తా అని రోజూ అంటాడు, రాయడు. ఆ ఇద్దరు స్నేహితులు కొలతలు పట్టుకుని వచ్చే వారం మీ దగ్గరికే వస్తాండారు" అనింది. నేను "రింగు దగ్గర ఇంకొక మడత వేయల్ల, ఈసారి వేస్తాం" అని మాత్రం అనగలిగినా.

ఇంటికి ఎట్ల వచ్చినానో తెలీదు. కూలోళ్ళు అప్పటికే మిషన్ను నాలుగు పక్కలా పట్టుకుని ఎత్తిండారు.

ధర్మవరం అన్న నన్ను చూసి, "ఏమంది చెల్లా సముద్రం?" అన్నాడు.

"నిలిచిందంట అన్నా" అంటి. మీ తాత దిక్కు తిరిగి, "రింగు ఒకటే ఊడిందంట" అంటి.

మీ తాత మెడలో టేపు తీసి మళ్ళీ వేసుకున్నాడు. ధర్మవరం అన్న నన్ను చూసినాడు, మిషన్ను చూసినాడు, తల ఊపినాడు. "ఎత్తినోళ్ళకు కూలి ఇచ్చినా కదప్పా, ఊరికే దించుతారా? చెల్లా, యాడ పెట్టల్లో చెప్పు" అన్నాడు.

ఎన్నేండ్లో అది మూలన చీకట్లోనే పడి ఉండింది. "ఆ వాకిలి పక్కన, వెలుతురు వచ్చే చోట" అంటి. నలుగురూ మోసి ఆడ పెట్టినారు. కాళ్ళ కింద చెక్కముక్కలు పెట్టి మీ తాత సరిచేసినాడు. నేను పీట లాక్కుని కూచుంటి. ధర్మవరం అన్న బయటికి పోయి, చినిగిపోయిన తన ఆటో టాపును విప్పుకొచ్చి నా ఒళ్ళో వేసినాడు.

"ఎట్లనూ వచ్చినా కదా, ఇది కుట్టియ్యి. కుట్టు దగ్గర దగ్గరగా వెయ్యి చెల్లా, మా ధర్మవరం రోడ్డులో ఇది కూడా పడవ మాదిరే పోతాది."